సముద్రం లేని ఊరికి విహారయాత్ర

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు స్కెచ్ పెన్నుల మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. నాలుగు రంగుల చార్టు ఒకటి గోడకి అంటించేస్తే చాలు, పిల్లలు దాన్ని చూసి వాళ్ళంతట వాళ్ళే నేర్చేసుకుంటారనీ, రిటైరయ్యేలోగా దేశాన్ని ఒక దారికి తెచ్చేస్తాననీ గట్టి ఉద్దేశంలో ఉండేదాన్ని. ఇప్పుడు శిక్షణ తరగతుల్లో నన్ను వేదిక ఎక్కించి, "మేడమ్, విహారయాత్ర బడ్జెట్ ద్వారా లెక్కలూ రాతా ఎలా నేర్పారో మన వాళ్ళకి చెప్పండి" అంటారు. నేను గొంతు సవరించుకుని పద్ధతి ప్రకారం చెప్తాను. అసలు జరిగింది మాత్రం అక్కడ చెప్పను. (చెప్తే మళ్ళీ వేదిక ఎక్కనివ్వరు.) మీరు నా వాళ్ళు కాబట్టి మీకు చెప్తున్నాను.

నా మొదటి పోస్టింగు శ్రీకాకుళం దాటి వెళ్ళాక సముద్రం ఒడ్డున ఒక చేపలవాళ్ళ ఊరు. బడికి ఇద్దరమే టీచర్లం. ఒకరు నేను, రెండోవారు హెడ్మాస్టారు. ఆయనది గజపతినగరం. మంచి మనిషే గాని, సుద్దముక్క అడిగినా "సర్క్యులర్ ఉందా?" అనేవారు. అందుకని నా మనసులో ఆయన పేరు సర్క్యులర్ మాస్టారు. నాకిచ్చిన నాలుగు, ఐదు తరగతుల్లో ఇరవై మంది దాకా పిల్లలు. నోటితో ఎంత గోలైనా చేస్తారు గాని, పలక మీద రాయమంటే ఊరంతా నిద్రపోయినట్టే. 'వేసవి సెలవులు' మీద పది వాక్యాలు రాయమంటే అందరూ ఒకే వాక్యం రాశారు: "వేసవిలో ఎండ కాయును." ఒకడు మాత్రం కష్టపడి రెండోది కూడా రాశాడు: "చాలా కాయును."

వాళ్ళలో గవ్వ అని ఒక పిల్ల. ఐదో తరగతి. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గాని ఆ పేరుతో పిలిస్తే తనే వెనక్కి తిరిగి చూసేది కాదు. తల్లీదండ్రీ పనికోసం దూరంగా ఉంటే మామ్మ దగ్గర పెరుగుతోంది. ఆ మామ్మ ఆ ఊరి ఒడ్డున చేపల వేలం పాడే మనిషి. పడవలొచ్చే వేళకి ఆవిడ గొంతు మా బడిలోకి వినిపించేది. అందరూ పాట మామ్మ అనేవారు. గవ్వ ఐదో తరగతి అయిపోతే ఆరో తరగతికి రోడ్డెక్కి, బస్సులో పొరుగూరి హైస్కూలుకి వెళ్ళాలి. మామ్మ ముందే తేల్చి చెప్పేసింది. "గుంటని బస్సెక్కించి పంపితే ఎటెల్తాదో, ఎప్పుడొస్తాదో! ఐదు సాల్లే టీచరమ్మా. సేపల బుట్ట అందుకుంటాది." ఇంత చురుకైన పిల్ల బడి మానేస్తుందంటే నాకు ప్రాణం ఒప్పలేదు. రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. మామ్మ రెండుసార్లూ నాకు టీ ఇచ్చి, మంచి మాటలు చెప్పి పంపేసింది.

అలాంటి రోజుల్లో శిక్షణలో విన్న మాట ఒకటి గుర్తొచ్చింది: నిజ జీవితం నుంచి లెక్కలు. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఒక పొద్దున్న మంచి ఊపు మీద క్లాసులోకి వెళ్ళి, "ఒరే పిల్లలూ, మనం సెలవులకి విహారయాత్ర వెళ్తున్నాం అనుకోండి. ఎక్కడికెళ్దాం? ఎంత ఖర్చవుతుంది?" అన్నాను. ఆ 'అనుకోండి' అన్న మాట చాలా స్పష్టంగా అన్నానని ఈనాటికీ ఒట్టేసి చెప్పగలను. బీచి ఉన్న ఏ ఊరి పేరో చెప్తారనుకున్నాను, బీచిలోనే కూర్చుని ఉన్నామన్న సంగతి మర్చిపోయి. ఒకడు విశాఖపట్నం అన్నాడు. "అక్కడా సముద్రమే కదేటి?" అని మిగతావాళ్ళు కొట్టిపారేశారు. అప్పుడు, క్లాసులో అంతగా నోరు తెరవని గవ్వ తెరిచింది. "మీ ఊరు, టీచర్. గరివిడి."

"గరివిడిలో ఏముందే చూడ్డానికి? ఫ్యాక్టరీ, పొగగొట్టం, రైలు స్టేషను. సముద్రం కూడా లేదు."

"అదే టీచర్. సముద్రం నేని ఊరు ఎలాగుంటాదో సూడాల."

క్లాసంతా ఒక్కసారి లేచింది. చేతులెత్తమంటే కాళ్ళు కూడా ఎత్తారు. మా ఊరికి విహారయాత్ర కోసం మనుషులు రావడమన్నది చరిత్రలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

సరే, బడ్జెట్ మొదలుపెట్టాం. ఆమదాలవలస స్టేషను దాకా వ్యాను ఎంత, అక్కణ్ణుంచి గరివిడికి ప్యాసింజరు టిక్కెట్టు పిల్లలకి సగమైతే ఎంత, అన్నీ వాళ్ళే కనుక్కొచ్చారు. భోజనం ఖర్చు దగ్గర సున్నా వేసి పక్కన 'టీచర్ వాళ్ళమ్మ' అని రాశారు. "మా అమ్మేం చేసిందిరా మిమ్మల్ని?" అంటే, "మీ అమ్మ ఒండదేటి?" అని వాళ్ళే ఆశ్చర్యపోయారు. మళ్ళీ 'ఐసు' అని ఒక పెద్ద మొత్తం. ఎందుకంటే ఇంకొకరింటికి వట్టి చేతులతో వెళ్ళకూడదు, చేపలు పట్టుకెళ్ళాలి, ఎండకి పాడవకుండా ఐసు కావాలి. వేసవి సెలవుల దాకా ఆగితే వేట నిషేధం వచ్చేస్తుంది, అప్పుడు చేపలుండవు, కాబట్టి సెలవుల విహారయాత్ర సెలవులకి ముందే వెళ్ళాలి. (ఈ తర్కానికి నేను ఎదురు చెప్పలేకపోయాను. మీరు చెప్పగలరేమో చూడండి.) తీరా మొత్తాన్ని మనిషికింతని భాగించమంటే, అందరూ తలల లెక్కకి ఒకటి ఎక్కువ వేసి భాగించారు. తప్పు అందరికీ ఒకేలా రావడమేమిటని అడిగితే, "వ్యానుకో వాటా, టీచర్" అన్నారు. వాళ్ళ ఒడ్డున అదే పద్ధతి. పడవ తిరిగొచ్చాక వచ్చిన డబ్బులో మనుషులతో పాటు పడవకీ ఒక వాటా తీస్తారు. "ఒరే నాయనా, వ్యాను డబ్బు పుచ్చుకుంటుందే గాని ఇవ్వదురా!" అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "మరి దాని వాటా ఎవులు కడతారు?" అని గవ్వ. "మీరే." "అదే కదా సెప్తన్నాం!" ఇలా రెండు రోజులు నడిచింది. మూడో రోజుకి భాగహారం వచ్చేసింది. వచ్చింది వాళ్ళకా నాకా అన్నది ఇప్పటికీ తేలలేదు.

ఇక రాత పని. "మనం ఎవరింటికి వెళ్తున్నామో వాళ్ళకి ముందుగా ఉత్తరం రాయాలి" అని బోర్డు మీద మా ఇంటి చిరునామా వేసి రాయించాను. ఎండ కాయును బ్యాచి ఆ రోజు నిండు పేజీ రాసింది! ఆ సంబరంలో, సాయంత్రం పుస్తకాల్లో ఉత్తరాల కాగితాలు లేవన్న సంగతి గమనించలేదు. నాలుగు రోజుల తర్వాత మా అమ్మ ఫోను.

"ఏటే తల్లీ, మనింటికి పెళ్ళివారేటైనా వస్తన్నారా? ఇరవై ఉత్తరాలొచ్చాయి. ఒకడు పులిహోర అడిగాడు. ఒకడు మీ ఇంట్లో పిల్లి ఉన్నాదా అని రాసినాడు. ఎప్పుడొస్తారో ఒక్కడూ రాయలేదు. ఇదేనా నువ్వు నేర్పే సదువు?"

"అమ్మా, అది ఉత్తుత్తి ఉత్తరం!"

"స్టాంపులు ఉత్తుత్తివి కావే" అంది మా అమ్మ.

ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే, మర్నాడు పాట మామ్మ బడి గుమ్మంలో నిలబడింది. వెనకాల ఇంకో పదిమంది ఆడవాళ్ళు. అందరి కొంగుల్లోనూ డబ్బుల ముడులు. "ఏటి టీచరమ్మా, వాటా సెప్పినావు, రోజు సెప్పలేదు. పిల్లలు పేనాలు తీసెస్తన్నారు. ఎప్పుడు బయలెల్తారు?" నేను నవ్వుతూ, ఇది నిజంగా వెళ్ళడం కాదనీ, లెక్క నేర్పడానికి అలా అనుకున్నామనీ విడమరిచి చెప్పాను. ఒక్కరూ నవ్వలేదు. "వాటా ఏసినాక ఉత్తిదేటి? ఒడ్డు మీద వాటా పలికితే ఆ పడవ ఎల్లినట్టే కదా! రేపట్నించి పిల్లలు నీ మాట ఇంటారేటి?" అంది మామ్మ. ఆవిడ గొంతు వేలం గొంతు, ఊరంతటికీ వినబడింది. కిటికీలోంచి ఇరవై మొహాలు నన్నే చూస్తున్నాయి. గవ్వ మొహం మాత్రం నేలకి వాలిపోయింది. ఆ క్షణాన నాలో ఏ పూనకం వచ్చిందో తెలియదు. "వచ్చే ఆదివారం" అనేశాను.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను! "మామ్మా, ఒక్క మాట. ఈ యాత్ర లెక్కంతా మీ గవ్వ చూస్తుంది. సరిగ్గా చూసిందంటే ఆరో తరగతికి పంపుతారా?" అని అడిగాను. మామ్మ మనవరాలిని కిందా మీదా చూసింది. "సూద్దాం. ఎవుల దగ్గిరా పైసా అప్పు సేయకూడదు. సీకటి పడకముందు ఒడ్డుకి రావాల. లెక్క నీ నోటితో నువ్వే సెప్పాల. ఒక్కటి తప్పినా బుట్టెత్తాల, మల్ల ఏడవకూడదు." గవ్వ తలూపింది. సర్క్యులర్ మాస్టారు సంగతి మీరు ఊహించుకోవచ్చు. "విహారయాత్రకి సర్క్యులర్ ఉందా?" అంటూ వరండాలో అటూ ఇటూ తిరిగారు. పిల్లలందరూ కలిసి, ఎక్కడికి, ఎందుకు, ఎంతలో అని వివరంగా అర్జీ రాసి ఆయన చేతిలో పెట్టారు. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "వీళ్ళే రాశారా?" అని అడిగారు. మండలం ఆఫీసుకి స్వయంగా వెళ్ళి అనుమతి తెచ్చారు. పైగా, "బాధ్యత నాది, నేనూ వస్తాను" అన్నారు.

ఆదివారం తెల్లవారి బయల్దేరాం. ఇద్దరు తల్లులు తోడు. ప్రతి ఇంటి నుంచీ చేపలొచ్చాయి. కానాగంతలు, రొయ్యలు, మీదట చంటిపిల్లంత వంజరం ఒకటి. తెల్లటి ఐసు పెట్టెలు నాలుగు. చేపల వాసనకి ప్యాసింజరులో మా బోగీ మొత్తం మాకే ఖాళీ అయిపోయింది, ఎవరినీ జరగమని అడగక్కర్లేకపోయింది. గరివిడిలో దిగగానే పిల్లలందరూ ప్లాట్‌ఫాం మీద నిలబడి చెవులు రిక్కించారు. "టీచర్, మీ ఊరు సప్పుడు సేయట్నేదేటి?" పుట్టిన దగ్గర్నుంచీ అలల హోరు వినని క్షణం వాళ్ళకి లేదు. "ఇంత సడీసప్పుడూ నేకండా ఎలా పడుకుంటారు?" అని ఒకడు నా మీద జాలిపడ్డాడు. నాకు తెలియకుండానే కళ్ళు చెమ్మగిల్లాయి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

పొగగొట్టం చూశారు, రోడ్డు మీద ఖనిజం లారీలు చూశారు, మా ఇంటి వెనక పిల్లిని చూశారు. మా అమ్మ పులిహోర కలిపి, పప్పు చేసి, ఐసు పెట్టెల్లోంచి తనకి పనికొచ్చిన చేపలు తీసుకుని పులుసు పెట్టింది. అప్పటికీ మూడు పెట్టెలు మిగిలాయి. "నా ఫ్రిజ్జులో మీ ఊరు పట్టదే" అంది. తిన్నాక మా నాన్న స్టేషనుకి ఫోను చేసి, ఉసూరుమంటూ వచ్చారు. లైను పనుల వల్ల సాయంత్రం ప్యాసింజరు రద్దు. తర్వాతి రైలు పట్టుకుంటే ఊరు చేరేసరికి చీకటి పడిపోతుంది. చీకటి పడకముందు చేరాలంటే ఇక్కడే వ్యాను మాట్లాడుకోవాలి. దానికి సరిపడా డబ్బు బడ్జెట్లో లేదు.

నాన్న పర్సు తీశారు, నేను బ్యాగు తీశాను. గవ్వ ఇద్దరికీ అడ్డం వచ్చింది. "వొద్దు టీచర్. అప్పు సేయకూడదని మామ్మ సెప్పింది."

"అప్పు కాదే, ఊరికే ఇస్తున్నాను!"

"ఊరికే అయితే లెక్కలో ఏటని సెప్పాల?" అంది. గిరుక్కున తిరిగి, ఐసు పెట్టె ఒకటి ఈడ్చుకుంటూ మా వీధిలోకి వెళ్ళిపోయింది. తక్కిన పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మా అరుగు మీద గోనె పరిచి చేపలు గుట్టలు పోశారు. గవ్వ గుండెల నిండా గాలి పీల్చుకుని పాట ఎత్తుకుంది. "రండమ్మా రండి, పొద్దున్న ఒడ్డెక్కిన సేపలు! ఈ గుట్ట ఎంతకి? నూటికి ఎవులు, నూటికి ఎవులు?" క్లాసులో గొంతెత్తి మాట్లాడని పిల్ల! మా వీధి మొత్తం గుమ్మాల్లోకి వచ్చేసింది. నా చిన్నప్పటి నుంచీ నన్నెరిగిన పిన్నిగార్లూ అత్తయ్యగార్లూ అందరూ. "టీచరు ఉద్యోగం అన్నావు, ఇదేటి తల్లీ?" అని ఒకావిడ నన్ను నిలదీసింది. భూమి ఎక్కడైనా కొంచెం విచ్చుకుంటుందేమోనని చూస్తూ నిలబడ్డాను.

సర్క్యులర్ మాస్టారు లోపల కునుకు తీస్తున్నవారు పరుగున వచ్చారు. "ఏమిటిది! విద్యార్థులు చేపలమ్మడానికి సర్క్యులర్..." అంటూ ఉండగానే ఆయన కళ్ళు వంజరం మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే మా నాన్న దానికి ధర పెట్టారు. మాస్టారు మింగలేక కక్కలేక, "దానిమీద యాభై" అన్నారు. నాన్న పెంచారు. మాస్టారు మళ్ళీ పెంచారు. ఇద్దరికీ పంతాలొచ్చేశాయి. గవ్వ ఇద్దరి మధ్యా చూపు తిప్పుతూ ఎవరు వెనక్కి తగ్గుతున్నారో కనిపెట్టి, వాళ్ళనే ముందు పిలిచేది. చివరికి మా అమ్మ నాన్న చొక్కా పట్టుకుని వెనక్కి లాగితే వంజరం మాస్టారి పరమైంది. ఆయన డబ్బు చెల్లించి, పరువు నిలుపుకోవడానికన్నట్టు, "రసీదు కావాలి" అన్నారు. పిల్లలు గవ్వ వైపు చూశారు. గవ్వ నా వైపు చూసింది. నేను పెన్ను ఇచ్చాను, మాట సాయం చేయలేదు. అరుగు మీద బోర్లా పడుకుని, చేప పేరూ, ధరా, పుచ్చుకున్నవాళ్ళెవరో, ఇచ్చినవారెవరో, తేదీతో సహా రాసి, కింద సంతకం చేసి ఇచ్చింది. మాస్టారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "నాకిన్నేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన రసీదు రాలేదు" అన్నారు.

వ్యాను మాట్లాడుకున్నాం. ఒడ్డు చేరేసరికి సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు. ఊరంతా అక్కడే ఉంది. మామ్మ పడవ అంచు మీద కూర్చుని, "ఊ, సెప్పు" అంది. గవ్వ చెప్పింది. వెళ్ళడానికి ఇంత, ఐసుకి ఇంత, రైలు రద్దు, వ్యానుకి తక్కువపడింది ఇంత, చేపలమ్మితే వచ్చింది ఇంత, ఖర్చులు పోగా ఇంటింటికీ తిరిగి ఇచ్చేది ఇంత. ఎక్కడా తడుముకోలేదు. మామ్మ వేళ్ళ మీద తన లెక్క తను వేసుకుంది. రెండూ కలిశాయి. నేను గాల్లో తేలిపోతున్నాను.

అప్పుడు మామ్మ మనవరాలి నెత్తి మీద చెయ్యి పెట్టి, అందరికీ వినబడేలా అంది: "ఓలమ్మ, ఊరు కాని ఊర్లో పాట పాడి అమ్మేసింది నా గుంట! ఇంక సదువెందుకు? రేపట్నించి నా పక్కన కూకుంటాది."

ఇన్నాళ్ళ నా పాఠం, నా చార్టులు, నా నిజ జీవితం లెక్కలు, అన్నీ కలిసి పిల్లని తిన్నగా బుట్ట దగ్గరికి చేర్చాయన్నమాట. నేను ఏదో అనేలోగా గవ్వే అంది.

"మామ్మా, రోజూ నువ్వు పాడతావు. అమ్మిన సేపల లెక్క సీటీ ఎవులు రాస్తాడు?"

"వేపారోడు."

"ఏటి రాసినాడో నీకెరికేటి?"

ఒడ్డున నిలబడ్డ మగవాళ్ళు దగ్గరికి జరిగారు.

"ఇయ్యాల నాను పాడినాను, నానే రాసినాను" అంది గవ్వ. "చిన్న రసీదు గనక వచ్చింది. పెద్ద సీటీ రాయడం నాకింకా రాదు. ఆరుకి పంపు. నేర్సుకొచ్చి నీ పక్కనే కూకుంటాను."

మామ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నా వైపు తిరిగి, కసురుతున్నట్టుగా, "బస్సుకి నెలకెంతవుద్ది టీచరమ్మా?" అంది. నాకు తెలియదు. గవ్వకి తెలుసు. బస్సు పాసు, పుస్తకాలు, వానాకాలం గొడుగు, అన్నీ అప్పటికే లెక్క వేసి పెట్టుకుంది. మామ్మ గొడుగు దగ్గర కాసేపు బేరమాడింది గాని నెగ్గలేదు.

జూన్‌లో బడులు తెరిచిన రోజు, మా బడి వదిలేసి నేను రోడ్డు మీదికి పరిగెత్తాను. గవ్వ కొత్త గౌనులో బస్సు మెట్టు మీదుంది. మామ్మ కింద నిలబడి కండక్టరుతో పోట్లాడుతోంది, పిల్లని సరిగ్గా హైస్కూలు దగ్గరే దింపాలని. బస్సు కదిలింది. నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను. గవ్వ కిటికీలోంచి అవతలి వైపు చూస్తోంది, నన్ను చూడలేదు. నాతోపాటు పరిగెత్తుకొచ్చిన సర్క్యులర్ మాస్టారు, "బడి వేళల్లో రోడ్డు మీద ఉండటానికి..." అని మొదలుపెట్టి, ఎందుకో మధ్యలో ఆపేసి ఆయనా చెయ్యి ఊపారు.

ఆ తర్వాత చాలా ఊళ్ళు మారాను, శాలువాలు కూడా కప్పించుకున్నాను. గవ్వ ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. సెలవులకి వెళ్తే ఒడ్డున చీటీలన్నీ ఆ పిల్లే రాస్తుందట, వ్యాపారులు ఆమె వచ్చిందంటే కాస్త దూరంగా నిలబడతారట. నాకు మాత్రం ఒక్కోసారి దుమ్ములో నిలబడి, వెళ్ళిపోయిన బస్సుకి ఇంకా చేతులూపుతున్న ఆ ఇరవై నాలుగేళ్ళ టీచరు పిల్ల కనబడుతుంది. చెప్పు ఒకటి తెగిపోయింది, జడ ఊడిపోయింది, ముక్కు ఎర్రబడిపోయింది. చూసి నవ్వొస్తుంది. చేతులు దించుకోమని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. అంత గర్వంగా నేను మళ్ళీ ఎప్పుడూ నిలబడలేదు.